గుండు సామి చెంప మీద చుక్క

బొటనవేలంత బొమ్మకు రంగులేసి పోటీకి పంపడం అవసరమా అని నన్ను అడగనివాళ్లు లేరు. ల్యాబులో పక్క బల్ల మీద పనిచేసే ఆయన అడిగాడు, ఇంటి ఓనరు అడిగాడు, బెంగుళూరు బస్సులో పక్క సీటాయన డబ్బాలో ఏముందో తొంగిచూసి మరీ అడిగాడు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాను, అదీ ఆ పూట నా కోపాన్ని బట్టి. ఇప్పుడు కోపం లేదు గనక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక పళ్ల ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు కొలతలు తీసి పంపితే మేం కట్టుడు పళ్లు, క్యాపులు తయారుచేసి ఇస్తాం. అందులో నా పని రంగు. పన్నంటే తెలుపే కదా అనుకుంటారు అందరూ. నోట్లో ఏ రెండు పళ్లూ ఒకే తెలుపు కాదు. చిగుళ్ల దగ్గర కాస్త పసుపు, అంచున కాస్త నీలం, కాఫీ ఎక్కువ తాగే మనిషికైతే మధ్యలో ఒక గోధుమ జీర. పక్క పన్నును చూసి, సన్నటి కుంచెతో ఆ ఛాయను కొత్త పన్నుకు తెప్పించాలి. బాగా చేస్తే చేసినట్టు ఎవరికీ తెలియదు. తెలిసిందంటే చెడగొట్టినట్టే. ఇరవై ఏళ్లుగా ఎవరి కంటా పడకుండా ఉండటమే నా ఉద్యోగం.

అందుకేనేమో, నలుగురికీ కనపడేలా ఏదో ఒకటి చెయ్యాలన్న దురద పుట్టింది. చిన్న బొమ్మలకు రంగులేసే సరదా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారని, వాళ్లకు బెంగుళూరులో ఏటా పోటీ జరుగుతుందని ఫోనులో చూశాను. బొమ్మలు రెజిన్‌తో పోతపోసి వస్తాయి, బూడిద రంగులో. సిపాయిలు, రాక్షసులు, గుర్రాలెక్కిన వీరులు. భూతద్దం కింద పెట్టుకుని గుండీ దగ్గర్నుంచి గోరు దాకా రంగు వెయ్యాలి. మొదటి ఏడు ఒక సిపాయిని పంపాను, ఏమీ రాలేదు. రెండో ఏడు ఒక గుర్రాన్ని పంపాను, అదీ అంతే. రెండుసార్లూ తిరుగు బస్సు ఎక్కుతూ ఇక చాలురా నాయనా అనుకున్నాను. రెండుసార్లూ బస్సు చిత్తూరు దాటేసరికి వచ్చే ఏడు ఏం వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను.

మా ఆవిడ వడమాలపేట హైస్కూల్లో సైన్సు టీచరు. నా మేనమామ కూతురే, కాబట్టి చిన్నప్పట్నుంచి నేను ఆమెకు బావనే, మర్యాద కూడా ‘నువ్వు’ వరకే. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజు పిల్లలందరినీ మేడమీదికి ఎక్కించి, ఆకాశంలో పొగ గీత చూపిస్తూ అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టే రకం. గ్రహణం రోజు అందరూ పొయ్యి ఆర్పుకుని కూర్చుంటే ఈమె ఉప్మా చేసుకుని తినేది. నా బొమ్మల గురించి ఆమె నోట ఒక్క మంచి మాట నేను వినలేదు. బల్ల తుడవాల్సి వచ్చినప్పుడు నీ బొమ్మలాట ఎత్తిపెట్టు బావా అనేది. అంతే, ఆ పైన ఒక్క ముక్క మాట్లాడేది కాదు. నేనూ అడగలేదు. అడిగి లేదనిపించుకోవడం దేనికని.

మూడో ఏడు ఒక సన్యాసి బొమ్మ తెప్పించాను. ఎక్కడో మంచు దేశపు సన్యాసి. నున్నటి గుండు, కాళ్ల దాకా దుప్పటిలాంటి అంగీ. ఆ గుండు చూడగానే కొండ దిగివచ్చే మన జనం గుర్తొచ్చారు. కల్యాణకట్టలో జుట్టిచ్చి, గుండుకు గంధం పూసుకుని, ఎండకు కళ్లు చికిలిస్తూ బస్సు కోసం నిలబడి ఉంటారు చూడండి, వాళ్లు. ల్యాబులో మైనం చెక్కే పనిముట్లతో ఆ అంగీని గీకేశాను. పళ్లకు వాడే ముద్దతోనే పంచె, కండువా చేశాను. చేతిలో జపమాల పీకేసి ఒక గుడ్డసంచీ పెట్టాను, లోపల లడ్లున్నట్టు అడుగున కాస్త ఉబ్బుగా. మంచు దేశపు సన్యాసి వారం రోజుల్లో మా జిల్లా ముసలి రైతయ్యాడు.

ఇక గుండుకు రంగెయ్యడం ఉందే, దాని గురించి చెప్పమంటే పొద్దు గూకేదాకా చెబుతాను. అప్పుడే గీసిన తల ఒంటి రంగులో ఉండదు. ఏళ్ల తరబడి ఎండ తగలని చర్మం అది, నుదుటి కంటే రెండు ఛాయలు తెలుపు. దాని అడుగున వెంట్రుకల మొదళ్లు, నీలమూ కాదు, పచ్చా కాదు. ఆ పైన ఆరిపోయి అక్కడక్కడ పగిలిన గంధం. రెండు నెలలు ఆ తల మీదే గడిపాను. పన్ను రంగు తెలిసినవాడికి తప్ప ఇది కుదిరే పని కాదని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంకెవరూ మెచ్చుకోనప్పుడు మనమే మెచ్చుకోవాలి కదా.

చివరికి కళ్లు మిగిలాయి. ఆవగింజలో సగం లేని కంట్లో కనుపాప చుక్క పెట్టాలి. ముదురు గోధుమ రంగు తీసుకుని, ఊపిరి బిగబట్టి కుంచె దించబోతే కొన వణికింది. భూతద్దంలో అది అటూ ఇటూ ఊగడం స్పష్టంగా కనపడింది. చెయ్యి విదిలించుకుని మళ్లీ పట్టాను. మళ్లీ వణికింది. ఇన్నేళ్ల పనిలో అట్లా ఏనాడూ కాలేదు. కుంచె పక్కన పెట్టి, ఎవరైనా చూశారేమోనని తలుపు వైపు చూశాను.

మా నాయనకు చెయ్యి వణికేది. ఐరాల దగ్గర పల్లెలో చెరకు పెట్టే మనిషి. బెల్లం పాకం ఎప్పుడు దించాలో రెండు వేళ్ల మధ్య తీగ సాగదీసి చెప్పేవాడు, ఊళ్లో వాళ్లు పిలుచుకుని పోయేవాళ్లు కూడా. మొదట కుడిచేతి బొటనవేలు వణికింది, తర్వాత చెయ్యంతా. ఊరికే మంచం మీద కూర్చున్నా ఒళ్లో ఆ చెయ్యి తన పాటికి తాను ఆడుతూనే ఉండేది. చక్కగా సంతకం పెట్టే మనిషిని, పాత సంతకంతో కలవడం లేదని చెప్పి బ్యాంకులో వేలిముద్ర వెయ్యమన్నారు. అట్లా తొమ్మిదేళ్లు బతికాడు. చివరి మూడేళ్లు అన్నం అమ్మ పెట్టేది, గడ్డం నేను గీసేవాణ్ని. ఆయనకు అది మొదలైనప్పుడు ఆయనది ఇప్పటి నా వయసే.

నాకు తిండి పెట్టేది ఈ కుడి చెయ్యి. ఇది పోతే నాకు ఇంకో విద్య రాదు. దానికంటే, నాయన పడిందంతా మళ్లీ మా ఇంట్లో మొదలవుతుందే, మా ఆవిడ చేత అన్నం పెట్టించుకోవాలే అన్న ఆలోచన నన్ను నిలవనియ్యలేదు. ఎవరికీ చెప్పలేదు. కాఫీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. కుడి చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగాను, పెద్ద హీరోలాగా.

కళ్లు అయిదు రోజులు పట్టాయి. ఎడమ పిడికిలి మీద కుడి మణికట్టు ఆనించి, రోజుకు ఒకటి రెండు గీతలు. ఎట్లాగో ముగిసింది. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం మేడమీద వాళ్లు, ఎదురింటి వాళ్లు చూడటానికొచ్చారు. గుండు సామి ఇప్పుడే కొండ దిగినట్టు ఉన్నాడని ఎదురింటామె ముక్కుమీద వేలేసుకుంది. మేడమీదాయన ఫోటోలు తీసి అందరికీ పంపాడు. మా ఆవిడ మాత్రం వంటింట్లో చపాతీలు ఒత్తుతూ, తొందరగా డబ్బాలో పెట్టుకో, మళ్లీ దుమ్ము పడిందంటావు అని అక్కణ్నుంచే కేకేసింది. ఒళ్లు మండింది నాకు. తన స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చింది, అది మాత్రం మంచి పనే. బొమ్మ చుట్టూ కుక్కడానికి దూది కొనుక్కొద్దామని బజారుకు వెళ్లి వచ్చి, కదలకుండా సర్ది మూత పెట్టేశాను.

బెంగుళూరులో పెద్ద హాలు, అద్దాల బీరువాలు. డబ్బాలోంచి బొమ్మను తీసి అక్కడి వాళ్ల చేతికిచ్చాను. దగ్గరగా చూసుకునే ధైర్యం లేదు, చూస్తే ఏదో లోపం కనపడుతుందని భయం. జడ్జీలు ముగ్గురూ దూరప్రాంతాల వాళ్లు. టార్చిలైటు పట్టుకుని ఒక్కో బొమ్మనూ చుట్టూ తిరిగి చూశారు. నా గుండు సామి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఈసారి కొట్టేశామనుకున్నాను. మూడు ప్రైజుల్లో ఒక్కటీ నాకు రాలేదు.

పోటీలో పాల్గొన్న ప్రతి ఒక్కరికీ జడ్జీలు ఒక చీటీ రాసిస్తారు. నా చీటీలో నాలుగు లైన్లు. తల మీది పని అద్భుతం అని మొదటిది. పంచె మడతలు బాగున్నాయని రెండోది. ఎడమ చెంప మీద కుంచె జారిన మచ్చ ఉందని మూడోది. నాలుగో లైను, చేతి అదుపు పెంచుకోవాలి. పరుగెత్తి బొమ్మను తీసుకుని కిటికీ దగ్గర పట్టుకు చూస్తే నిజమే. ఎడమ చెంప మీద, చెవికి కాస్త ఇవతల, నల్లటి చుక్క. అది ఎప్పుడు పడిందో నాకు తెలియదు. అంటే కుంచె జారింది, జారినట్టు కూడా నాకు తెలియలేదు. ప్రైజు సంగతి ఆ క్షణంలోనే మర్చిపోయాను.

ఆ తిరుగు ప్రయాణంలో వచ్చే ఏటి బొమ్మ గురించి ఆలోచించలేదు. కుడి చేతిని తొడ మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. బస్సు కుదుపుకు కదులుతోందో, దాని పాటికి అదే కదులుతోందో తేల్చుకోలేకపోయాను. ఇంటికి రాగానే డబ్బాను మూత కూడా తియ్యకుండా అటక మీద పెట్టేశాను. మా ఆవిడ ఏమైంది బావా అని అడిగితే రాలేదు అని మాత్రం చెప్పాను. ప్రైజు పోయిన దిగులు అనుకుని ఊరుకుంది.

నెల రోజులు. ల్యాబులో కళ్లు మంటలని చెప్పి ముందు పళ్ల పని పక్కాయనకు అప్పజెప్పి, నేను వెనక దవడ పళ్లు చేశాను, అక్కడైతే రంగు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ చూడరు. డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. పోతే చెబుతాడు కదా, అదే భయం. మా ఆవిడకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, పెరుగు ఉందా అని అడిగి ఊరుకున్నాను.

ఒక ఆదివారం ఆమె తన టిఫిన్ డబ్బా అడిగింది. ప్లాస్టిక్ డబ్బాలో కూర వాసన పట్టి అన్నం తినలేకపోతోందట. తీసిస్తానని చెప్పి, అటక మీదినుంచి దించి, మూత తీసి, దూదిలోంచి గుండు సామిని బయటికి తీశాను. ఎట్లాగూ తీశాను కదా, ఆ చుక్క సంగతేదో ఒక్కసారి చూసేద్దామని భూతద్దం కింద పెట్టాను.

ఇరవై ఏళ్లు రంగు చూసి బతికినవాణ్ని. చూడగానే ఏదో తేడా అనిపించింది. నేను వాడింది ముదురు గోధుమ, ఇది నిఖార్సైన నలుపు. నా రంగు ఆరిందంటే పొరలాగా చర్మానికి అంటుకుపోతుంది, ఇది మెరుస్తూ కాస్త ఉబ్బుగా ఉంది. కుంచె జారితే తోక ఉంటుంది, ఒక పక్కకు ఈడ్చినట్టు. ఇది గుండ్రంగా, పొందిగ్గా, పెట్టినట్టు ఉంది. దూది కొనను తడిపి తాకించాను. నల్లగా అంటుకుంది. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదం వాసన.

కాటుక.

దూదిని అట్లాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. ఇదేమిటని అడిగాను. ఆమె చూసింది, ముఖం పక్కకు తిప్పుకుంది. గ్రహణం రోజు ఉప్మా తిన్న మనిషి, స్కూల్లో మూఢనమ్మకాల మీద నాటకం వేయించిన మనిషి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“నేనే పెట్టినాను బావా,” అంది. “నువ్వు దూదికి పోయినప్పుడు అగ్గిపుల్లతో పెట్టినాను. ఆ పొద్దు అందరూ నోరు తెరుసుకోని సూసిపోయినారే. ఇంక ఊరుగాని ఊళ్లో ఎంతమంది కండ్లు పడతాయో అని. అంత బాగుండాడు గదా.”

నేను గడప మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది, రెండిట్లో ఏది ముందొచ్చిందో చెప్పలేను. ప్రాణం లేచొచ్చింది. నా చెయ్యి జారలేదు. ఆ చుక్క నాది కాదు. అగ్గిపుల్లతో ఒక సైన్సు టీచరు పెట్టిన దిష్టి చుక్క అది, దాన్ని ముగ్గురు జడ్జీలు టార్చిలైటేసి చూసి చేతి అదుపు లేదని రాశారు. అరవయ్యేళ్ల ముసలాయన చెంప మీద దిష్టి చుక్క ఉంటుందని పాపం వాళ్లకెట్లా తెలుస్తుంది?

ఆమె నా వాలకం చూసి ప్రైజు పోయిందని ఏడుస్తున్నాననుకుంది. దాంతో ప్రైజు పోతుందని తెలిసి చేసింది కాదని, చెవి పక్కన ఎవరికి కనపడుతుందిలే అనుకున్నానని సంజాయిషీ మొదలుపెట్టింది. ప్రైజు ఎవడిక్కావాలి అని ఆపి, చెయ్యి సంగతి మొత్తం చెప్పాను. కుంచె వణకడం, కాఫీ గ్లాసు, వెనక దవడ పళ్లు, అన్నీ. నేను ముగించాక కోపమొచ్చింది ఆమెకు. అంత కోపం పెళ్లయ్యాక ఎప్పుడూ చూడలేదు.

“నెల దినాలు ఒక్కడివే మోసినావా దీన్ని? మామకు నువ్వు గడ్డం గీసినావు. నీకట్లా వచ్చింటే గీసేదానికి నేను లేనా?”

తల వంచుకుని, ‘ఉన్నావు’ అన్నాను. ఆమె నా కుడి చెయ్యి పట్టుకుని, పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూసినట్టు, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. కాటుక సంగతి వేరు, కుంచె వణికిన సంగతి వేరు, రెండూ కలిపి సంబరపడొద్దు, రేపే డాక్టరుకు చూపిద్దామంది. మళ్లీ టీచరైపోయింది.

మర్నాడు ఇద్దరం నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నన్ను నడవమన్నాడు, చేతులు చాపమన్నాడు, కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గియ్యమన్నాడు, సంతకం పెట్టమన్నాడు. సంతకం పెట్టేటప్పుడు మాత్రం నాయన వేలిముద్ర గుర్తొచ్చింది. రోజుకు ఎన్ని కాఫీలు అని అడిగితే నేను మూడన్నాను, మా ఆవిడ ఆరని సరిచేసింది. ఆ రెండు నెలలూ పొద్దున టిఫిన్ కూడా మానేసి బొమ్మ ముందు కూర్చునేవాడినని అదీ చెప్పేసింది. డాక్టరు నవ్వాడు. మీ నాయనది ఊరికే ఉన్నప్పుడు వణికే చెయ్యి, మీది ఊపిరి బిగబట్టి పనిచేసేటప్పుడు వణికింది, రెండూ ఒకటి కాదు అన్నాడు. ఆ జబ్బు గుర్తులు ఒక్కటీ లేవన్నాడు. కాఫీ తగ్గించి, తిని పని చెయ్యమన్నాడు. బయటికొచ్చి ఇద్దరం చెరొక మసాలా దోసె తిన్నాం. నేను కుడి చేత్తో తిన్నాను, గిన్నెలో చట్నీ ఒక్క చుక్క కిందపడకుండా.

ఇక మొదటి ప్రశ్నకొస్తాను. పోటీకి పంపడం దండగా కాదా? నిజం చెప్పాలంటే సగం దండగే. లేని జబ్బును అంటగట్టి నెల రోజులు నన్ను కాల్చుకు తిన్నది ఆ పోటీయే. ఒక మనిషి నోట్లో పెట్టబోయే పన్నుకు రంగేసేటప్పుడు వణకని చెయ్యి, ముగ్గురు తెలియని జడ్జీలను తలుచుకుంటే వణికింది. అంత అవసరమా అంటే లేదు. కానీ ఫలానా తారీకు లోపల ఇవ్వాలని ఒకటి లేకపోతే నా గుండు సామి ఇప్పటికీ గుండుకు రంగు లేకుండా సగంలో ఉండేవాడు. ఆ హాల్లో ఎవరో వేసిన వర్షంలో తడిసిన గాడిద బొమ్మ ముందు గంటసేపు నిలబడ్డాను, తడి ఎట్లా తెప్పించాడో ఇప్పటికీ అర్థం కాలేదు. అది ఇంట్లో కూర్చుంటే దొరికేది కాదు. పైగా, పంపకపోయి ఉంటే మా ఆవిడ ఆ అగ్గిపుల్ల ఎత్తేది కాదు. జడ్జీలు ముగ్గురూ కలిసి రాసినదానికంటే ఆ చుక్కలో ఎక్కువ మార్కులున్నాయి. ఈ లెక్క అందరికీ పనికిరాదని నాకు తెలుసు.

ఈ ఏడు మళ్లీ పంపుతున్నాను. పూలమ్మే ముసలామె, ఒళ్లో మూర కొలిచే మల్లెదండ. రోజుకు రెండే కాఫీలు, పొద్దున ఇడ్లీలు తిన్నాకే కుంచె. కళ్లు ఒక్క పూటలో అయిపోయాయి. నిన్న సాయంత్రం సర్దబోతుంటే మా ఆవిడ కాటుక భరిణె, అగ్గిపుల్ల పట్టుకుని వచ్చింది. వద్దంటే వినే రకమా? ఈసారి అరికాలి కింద పెడతానులే, ఎవరికీ కనపడదంది. సరేనని ముసలామెను కింద అతికించిన పీట మీదినుంచి ఊడదీసి, తలకిందులు చేసి, రెండు వేళ్ల మధ్య దీపం కింద పట్టుకున్నాను. మినప్పప్పు బద్దంత పాదం. కదలకుండా పట్టుకో బావా అంది. పట్టుకున్నాను. నా చెయ్యి ఇసుమంత కదల్లేదు. ఆమే నవ్వాపుకోలేక, పుల్ల ఆనించబోయి రెండుసార్లు నా వేలికి పూసింది.